ఆషాఢానికి పుట్టింటికి పోయిన పెళ్లికొడుకు

ఆషాఢం వస్తే మా వీధిలో కొత్త పెళ్లికూతుళ్లు పుట్టిళ్లకు చేరతారు. నా పెళ్లయిన ఏడు మాత్రం నేను ఇంట్లోనే ఉన్నాను, మా ఆయన పుట్టింటికి పోయాడు. ఆ పుట్టిల్లు టాంజానియాలో ఉంది.

ఆయన నరసరావుపేటకు ఇంజినీరింగు చదవడానికి వచ్చాడు. మధ్యలో చదువు ఆగింది, వీసా గడువు అయిపోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఏ కాగితమూ లేకుండా మా బాబాయి దగ్గర బోరు మోటార్లు బాగుచేశాడు. గోళ్లలో ఆ గ్రీజు చూసి, కత్తిరించుకోమని రోజూ పోరేదాన్ని. పోరి పోరి ప్రేమలో పడ్డాను.

రిజిస్ట్రారు ఆఫీసులో పెళ్లి చేసుకుని, సర్టిఫికెట్టు చేతిలో ఉంది కదా, ఇక మనల్ని ఎవరేం చేస్తారన్న ధీమాతో ప్లీడరు దగ్గరికి పోయాం. ఆ ప్లీడరు మా ధీమా మీద నీళ్లు చల్లాడు. పెళ్లి పెళ్లే, వీసా వీసానేనట. జరిమానా కట్టి, ఎగ్జిట్ పర్మిట్ తీసుకుని దేశం దాటాలి. భార్య తరఫున కొత్త వీసా పెట్టుకుని తిరిగి రావాలి. పేరు బ్లాక్‌లిస్టులో పడితే మాత్రం రానివ్వరు.

నేను ఇల్లు ఎగిరిపోయేట్టు ఏడ్చాను. మా అమ్మ పంచాంగం తీసింది.

“ఏందే ఆ ఏడుపు? ఎట్టాగూ ఆషాఢం వస్తా ఉంది. అత్తా అల్లుడూ ఒక గడపలో ఉండకూడదు. పోయి వాళ్లమ్మను చూసొస్తాడు.”

అంతే, ఏడుపిల్లు పెళ్లిల్లయింది. గోంగూర పచ్చడి, కారప్పొడి, అరిసెలతో అల్లుడికి సారె కట్టారు. మా పిన్ని పట్టుబట్టి ఆయన పది వేళ్లకూ గోరింటాకు టోపీలు పెట్టింది. ఎర్రగా పండేసరికి, మంచి పెళ్లాం దొరుకుతుందని అందరూ ఒకటే వేళాకోళం. మర్నాడు ఎయిర్‌పోర్టులో వేలిముద్రల మిషను ఆ వేళ్లను నాలుగుసార్లు కాదంది. ఆయన లోపలి నుంచి ఫోన్ చేసి చెబుతుంటే బయట నేను ఏడుస్తూనే పడీపడీ నవ్వాను. బొటనవేలి గోటి మీద ఎరుపు పోకముందే రావాలని అప్పుడే మాట తీసుకున్నాను.

శ్రావణం వచ్చింది, వీసా రాలేదు. భాద్రపదం కూడా పోయింది. వీధిలో చెప్పడానికి మా అమ్మ దగ్గర సాకులు అయిపోయాయి. ఎంబసీవాళ్లు పెళ్లి ఫోటోలు మళ్లీ అడిగారు. రోజూ సాయంత్రం వీడియో కాల్‌లో ముందు గోరు చూపించమనేదాన్ని. గోరు పెరిగి కత్తిరించే కొద్దీ ఎరుపు సగమైంది, తర్వాత పావువంతయింది. ఆ తర్వాత ఆయన చెయ్యి చూపించడం మానేశాడు. ఎరుపు పోయిందని నాకు అర్థమైంది. ఆ రోజు అన్నం సహించలేదు.

కార్తీకంలో వీసా వచ్చింది. ఆ కబురు చెప్పడానికి చెప్పులు కూడా లేకుండా బాబాయి షెడ్డు దాకా పరుగెత్తాను.

ఎయిర్‌పోర్టులో బయటికి వచ్చిన మనిషి బొటనవేలికి గుడ్డ చుట్టి ఉంది. దెబ్బ తగిలిందేమోనని కంగారుపడ్డాను. ఆయన మెల్లగా గుడ్డ విప్పాడు. గోరు వేలు దాటి ఇంత పొడుగున పెరిగింది. దాని కొసన ఎర్రటి గీత.

“రెండు నెలల్నుంచీ కత్తిరించలా,” అన్నాడు. “చూపిస్తే తీసెయ్యమంటావని దాచా.”

ఆ రోజు మాత్రం గోరు తీయించుకోమని నేను అనలేదు.