చాక్‌పీసు అడిగిన శనివారం

మా మ్యాథ్స్ డిపార్ట్‌మెంటులో శనివారం సెమినార్‌కు ఒక పద్ధతి ఉంది. అనుమానం వచ్చినవాళ్లు కూర్చున్న చోటి నుంచి అడగకూడదు. లేచి వెళ్లి, చెబుతున్నవాళ్ల చేతిలోని చాక్‌పీసు తీసుకుని, బోర్డు మీద రాసి అడగాలి. చాక్‌పీసు ఎవరి చేతిలో ఎంతసేపు ఉంటే అంతసేపూ వాళ్లే సారు, వాళ్లే మేడం. వినడానికి గొప్పగానే ఉంటుంది గానీ, మా గైడ్ సార్ చేతిలోంచి దాన్ని తీసుకున్న రీసెర్చ్ స్కాలర్‌ను నేను చూడలేదు. మా సీనియర్లు ఆయన చేతికి చాయ్ అందించడం దగ్గరే ఆగిపోయారు.

ఆ శనివారం సార్ మంచి ఊపు మీద ఉన్నారు. బోర్డు మీద ఏది జరిగే ఛాన్స్ ఎంతో చెప్పే గీతను గంట ఆకారంలో గీసి, కింద 'డైమెన్షన్లు ఎన్నున్నా' అని రాశారు.

"దీన్ని ఏ దిక్కుకు జరిపినా ఫికర్ లేదు. ముందు ఛాన్స్ సున్నా ఉన్నదానికి జరిపినంక గూడ సున్నానే ఉంటది. డైమెన్షన్లు ఎన్నున్నా గంతే."

నాకు ఒళ్లు మండింది. డైమెన్షన్లు మూడైనా ముప్పై అయినా ఆ మాట నిజమే. వాటికి అంతు లేకపోతే మాత్రం తప్పు. నా థీసిస్‌లో మూడో చాప్టరంతా అది ఎందుకు తప్పో చెప్పడమే. సార్ మాట అలాగే నిలబడితే నా చాప్టరు చిత్తుకాగితం. వచ్చే నెల దాని మీద సంతకం పెట్టాల్సింది కూడా ఆయనే.

లేచాను. పక్కనున్న సీనియర్ అక్క నా చున్నీ పట్టుకుని గుంజింది.

"కూసో. పిచ్చి లేసిందా? సంతకం పెట్టేది ఆయనే."

"అందుకేనక్కా పోతాన."

బోర్డు దగ్గరికెళ్లి చెయ్యి చాపాను. "సార్, జర చాక్‌పీసు ఇయ్యుండ్రి."

సార్ కళ్లద్దాల మీదుగా చూసి, ఇచ్చారు. భయం వేయలేదంటే నమ్మరు గానీ, నిజంగానే వేయలేదు. లెక్క నా వైపు ఉంది.

నేను బస్తాలు తూచే కాంటా బొమ్మ వేశాను. మాది వరంగల్ మార్కెట్‌కు వడ్లు తోలే ఇల్లు. తప్పు అనగానే నాకు ముందు గుర్తొచ్చేది కాంటాయే. ఒక్కో బస్తా ఒక్కో డైమెన్షన్ అనుకోమని, మంచి కాంటా కూడా బస్తా బస్తాకూ కాస్త ఎక్కువో తక్కువో చూపిస్తుందని చెప్పాను. ఎవరైనా దాని ముల్లును అర కిలో పక్కకు జరిపితే, వంద బస్తాలు తూచినా మోసం ఉందని ఒట్టేసి చెప్పలేం. అదే బస్తాలకు అంతు లేకపోతే, తప్పుల సగటు మంచి కాంటాకు సున్నాకు చేరుతుంది, జరిపిన కాంటాకు అర కిలోకు చేరుతుంది. మొదటి కాంటాకు ఛాన్స్ సున్నా అన్నదే రెండోదానికి ఖాయం.

సార్ పద్ధతి మర్చిపోయి నిలబడిన చోటి నుంచే అడిగారు. "మరి ఎట్ల జరిపితే మోసం దొరకదు, బిడ్డా?"

"బస్తా బస్తాకు జరుపుడు తగ్గుకుంట పోవాలె సార్. ఆ జరుపుళ్ల వర్గాలన్ని కూడితే అంతు ఉండాలె. అసొంటి దిక్కులల్లనే మీ మాట నిలుస్తది. ఈ గీత ప్రకారమే చిట్టీ తీసినట్టు ఒక దిక్కు తీస్తే, అది అసొంటిది అయ్యే ఛాన్సే సున్నా."

సార్ 'డైమెన్షన్లు ఎన్నున్నా' అని తను రాసిన మాటను అరచేత్తో తుడిచేసి, వెళ్లి నా కుర్చీలో కూర్చున్నారు. నాకు పట్టరాని సంతోషం. అక్కయితే ఆయన పక్కన బిగుసుకుపోయింది.

నేను మిగతాది చెప్పుకుపోతుంటే, సార్ మళ్లీ లేచి బోర్డు దగ్గరికొచ్చి చెయ్యి చాపారు.

"మేడం, జర చాక్‌పీసు ఇస్తరా?"

ఇచ్చాను. ఒక బస్తా నుంచి పక్క బస్తాకు గీత కలిపారు.

"ఒక బస్తా తప్పు ఇంకో బస్తాకు అంటుకుంటే? అప్పుడు దొరకని దిక్కులేవి?"

"అది నాలుగో చాప్టర్ల ఉంటది సార్," అన్నాను తడుముకోకుండా.

"అయితే అది సదివినంకనే సంతకం," అని చాక్‌పీసు తిరిగి నా చేతిలో పెట్టారు.

నా థీసిస్‌లో ఉన్నవి మూడు చాప్టర్లే.