తులసి మట్టి, ఆల్డర్ చెట్టు

ఈ దేశంలో చెత్తడబ్బాలకు మూడు రంగులున్నాయి. ఎండిపోయిన తులసికి మాత్రం ఏ రంగూ కేటాయించలేదు. పెద్ద ఫిర్యాదేమీ కాదు. కానీ నేను ఏళ్లుగా మోస్తున్న బరువు అక్కడే మొదలైంది. ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను.

క్లోనీ అనే ఈ పరాయి ఊళ్లో మా ఇంటి వెనక చిన్న వాగు. దాని గట్టున ఆల్డర్ చెట్టు. పక్కింటి పెద్దాయన భార్య నాటింది. ఆవిడ పోయాక ఆయన రోజూ టీ కప్పుతో దాని పక్కన నిలబడేవాడు. ఆల్డర్‌కు తడి నేలే ఇష్టం. వేళ్లు నీళ్లలో నానుతున్నా హాయిగా బతుకుతుంది. మా తులసి అలా కాదు. భక్తి కొద్దీ మేం పోసే నీళ్లకు ఏటా చలికాలంలో వేళ్లు కుళ్లి చచ్చేది. తులసిని చెత్తలో వేయకూడదు, పారే నీళ్లలో కలపాలి. అందుకని కుండీని మట్టితో సహా ఆ చెట్టు మొదలు పక్కనే వాగులోకి గుమ్మరించి, దణ్ణం పెట్టుకుని వచ్చేవాణ్ణి. అంతా పద్ధతిగానే.

కొన్నేళ్లకు ఆల్డర్ ఆకులు చిన్నవై పాలిపోయాయి. ఒక పొగమంచు ఉదయం చూస్తే, సరిగ్గా నేను కుండీ బోర్లించే వైపు, బెరడు మీంచి తుప్పు రంగు చుక్కలు కారుతున్నాయి. చెట్టుకెవరో బొట్టు పెడితే చెమటకు కరిగినట్టు.

పెద్దాయన చెట్ల రోగాలు చూసే మనిషిని పిలిపించాడు. "నీళ్లలో ఈదే బూజు. వేళ్లను తింటుంది. బయటి కుండీల మట్టి ఏమైనా పోశారా?" అన్నాడు.

"నా గడ్డికోత మిషన్ తగిలి బెరడు చీలింది. ఆమె చెట్టును నేనే చంపుకున్నాను," అన్నాడు పెద్దాయన. నా వైపు తిరిగాడు. "ఇక్కడ ఎవరైనా ఏదైనా పోయడం చూశావా?"

"లేదు," అన్నాను.

నా మట్టేనా? వాగు ఎన్ని పొలాలు దాటి వస్తుందో, ఎక్కడి రోగమో కొట్టుకొచ్చి ఉండవచ్చని నాకు నేను చాలాసార్లు చాలా శాస్త్రీయంగా చెప్పుకున్నాను. మరి లేదని ఎందుకన్నాను?

చెట్టును కొట్టేసిన రోజు, తెల్లటి కోత మా కళ్లముందే ఎర్రబడింది. రోగమున్నా లేకున్నా ఆల్డర్ అంతేనట. వాన పడితే ఆ మొద్దు ఇప్పటికీ ఎర్రబడుతుంది. ఆయన దాని పక్కనే నిలబడి మెల్లగా క్షమాపణ చెప్పుకుంటాడు. ఎలా ఉన్నారంటే "గ్రాండ్" అంటాడు. ఇక్కడ ఆ మాటకు బతికే ఉన్నానని అర్థం.

ఇంకొకటి. ఆ చెట్టు పోయినప్పటి నుంచి మా తులసి చావడం లేదు. నీళ్లు పోసినా, మరిచినా.

ఇదంతా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. గుండె కాస్త తేలికపడింది.

"బాగానే ఉంది గానీ, తెలుగులో రాశారేంటి? ఆయనకు తెలుగు రాదుగా," అంది.