మడినీళ్ళు తాగిన మాంసాహారి

ఇప్పటి కుర్రాళ్ళకి ఉద్యోగమంటే దరఖాస్తూ, పరీక్షా. మా రోజుల్లో ఉద్యోగమంటే ఎవరో ఒక దొరగారికి మన మొహం గుర్తుండడం. గోదావరి మీద రైలు వంతెన ఇంకా పడని ఆ కాలంలో, రాజమండ్రి మొత్తం మీద నా మొహం గుర్తున్న గొప్పవాళ్ళు ఒక్కరే. ఆనకట్ట పనులు చూసే దొరగారి భార్య. ఆవిడకి నేను తెలుగు చెప్పేవాణ్ణి. చెప్పేవాణ్ణంటే, ఆవిడ అడిగేది, నేను చెమటలు కక్కేవాణ్ణి. నాకు వచ్చింది పుస్తకాల తెలుగే కనక ఆవిడకీ అదే అబ్బింది. కుక్కని అదిలించాలన్నా "ఓ శునకమా, తొలగిపొమ్ము" అనేది. (అది తొలగేది కాదు. బంట్రోతు తిట్లు తప్ప దానికి తెలుగు రాదు.)

ఒక ఎండపూట ఆవిడ గాజుగ్లాసుతో మంచినీళ్ళిచ్చింది. మడి అండీ, పుచ్చుకోకూడదన్నాను. "మడి యనగా నేమి పంతులుగారూ?" అంది. ఇలాంటి ప్రశ్నలంటే నాకు మహా సరదా. "ఎవ్వరూ ముట్టనిది, ఏదీ కలవనిది, పరిశుద్ధమైనది. అదే మడి" అని పురాణం చెప్పినట్టు చెప్పాను. ఆవిడ ఆ మాట రెండుసార్లు పలికి, చాలా బాగున్నదని మెచ్చుకుంది.

ఆ వేసవికి నీలగిరులకు వెళ్ళబోతూ ఆవిడ నన్ను వరండాలోకి పిలిచింది. అక్కడ మూడు కుండీల్లో సీమ నుంచి తెప్పించిన మొక్కలున్నాయి. నేల మీద పరుచుకున్న పువ్వులా గుండ్రంగా ఆకులు, ఆకు నిండా వెన్న రాసినట్టు జిడ్డు. దాని అసలు పేరు నాకు నోరు తిరగలేదు కాబట్టి వెన్నాకు అన్నాను. కుండీలో మట్టి లేదు, ఉత్త ఇసుకా, నాచూ. "ఎరువు వలదు. కుండీ క్రింది పళ్ళెములో నీరు పోయవలెను. మడినీరు మాత్రమే! ఇవి క్షేమముగా నుండిన యెడల, పాఠశాలలో పండితుని ఉద్యోగమునకై దొరగారితో చెప్పెదను" అంది. నాకు ఉద్యోగమన్న మాట ఒక్కటే వినబడింది. దాని కోసం రెండేళ్ళుగా తిరగని గుమ్మం లేదు. కుండీలు బుట్టలో పెట్టించుకుని పెళ్ళికూతుర్ని తెచ్చుకుంటున్నంత జాగ్రత్తగా ఇంటికి తెచ్చాను.

ఇంట్లో ఉండేది నేనూ, మా మేనత్తా. నన్ను పెంచింది ఆవిడే. మడి కట్టుకుంటే గాలి కూడా ఆవిణ్ణి అడిగి వీచాలి. మడినీళ్ళ సంగతి చెప్పగానే ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "దొరసాని మొక్కలకి మడా! ఏ జన్మలో పుణ్యం చేసుకుందో మహాతల్లి. నువ్వు ముట్టుకోకురా అబ్బాయ్, నీ స్నానం నాకు తెలియదూ!" అని ఆ పని తనే పుచ్చుకుంది. రోజూ తెల్లారగట్ల కోటిలింగాల రేవులో మునిగి, తడిబట్టతో బిందెడు గోదావరి తెచ్చి, పళ్ళేల్లో పోసిగాని తను కాఫీ... (కాఫీ అప్పటికి మా ఇంటికి రాలేదు, ఇప్పటి అలవాటు కొద్దీ రాసేశాను) పోసిగాని పూజకి కూర్చునేది కాదు.

నాలుగోనాడో అయిదోనాడో పెరట్లోంచి కేక. వెళ్ళి చూద్దును కదా, వెన్నాకు మీద ఈగ అంటుకుపోయి కాళ్ళు కొట్టుకుంటోంది. "ఏవిట్రా ఇది?" అంది అత్తయ్య. తింటుందిట అత్తయ్యా, దొరసాని ముందే చెప్పింది, అన్నాను గొణుగుతూ. "రామ రామ! ఈగల్ని తినే అప్రాచ్యపు మొక్కకా నా చేత ఇన్నాళ్ళూ మడినీళ్ళు పోయించావు!" మొక్కకి, నాకు, నీలగిరుల్లో ఉన్న దొరసానికి కలిపి ఒకేసారి అక్షింతలు వేసింది. అయినా మేనల్లుడి ఉద్యోగం కదా, నీళ్ళు మానలేదు. పక్కన కూర్చుని విసనకర్రతో ఈగల్ని తోలడం మొదలుపెట్టింది. అలవాటు తప్పిస్తే బుద్ధొస్తుందని ఆవిడ ఆశ.

బుద్ధి రాలేదు గాని రోగం వచ్చింది. నాచు మీద తెల్లగా ఉప్పు పేరుకుంది, ఆకులు అంచులు నల్లబడి మధ్యకి ముడుచుకున్నాయి. నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇసుక కడిగి, నూతి గట్టున కొత్త నాచు గీరి, కుండీలు మార్చి నాటాను. లాభం లేదు. ఓ పూట అన్నం ముందు కూర్చుని ఏడ్చేశాను. అత్తయ్య లేచి పెరట్లోకి వెళ్ళింది. కాసేపటికి చూస్తే కుండీల మధ్య చిన్న బెల్లమ్ముక్క, దాని చుట్టూ జుమ్మని ఈగలు. నేను నోరు తెరవబోతే, "నేనేం చంపట్లేదు. బెల్లం పెట్టాను, అంతే. వచ్చేవాటి ఖర్మ" అని మొహం తిప్పుకుంది.

ఇంతలో ఆషాఢం వచ్చి గోదావరికి ఎర్రనీరు తగిలింది. ఆ బురద మొక్కలకెలా పొయ్యడం? నూతినీళ్ళంటే పదిమంది చేదలు పడ్డ నీళ్ళు, పనికిరావంది. రోజంతా ఆలోచించి, చూరు కింద కాదు, నట్టనడి వాకిట్లో ఇత్తడి గంగాళం పెట్టించింది. "ఆకాశం మీంచి పడేదాన్ని ఎవడు ముట్టుకున్నాడురా? దీన్ని మించిన మడేవుంది?" ఆ వాననీళ్ళు పోసిన పదిహేను రోజులకి మొక్కలు కొత్త ఆకులేశాయి. శ్రావణానికి ఊదారంగు పువ్వు కూడా వచ్చింది.

నీలగిరుల నుంచి తిరిగొచ్చిన దొరసాని స్వయంగా మా వీధిలోకొచ్చింది. అత్తయ్య మడిలో ఉందని తెలిసి, గౌను దగ్గరికి తీసుకుని అరుగు కిందే నిలబడింది. "మడినీరు పోసితిరా అమ్మా?" అంది. "పోశానమ్మా. మొదట గోదారి నీళ్ళు, అవి పడలేదు. తరవాత ఉత్త వాననీళ్ళు" అంది అత్తయ్య గడప లోపల్నుంచి. దొరసాని మొహం వెలిగిపోయింది. "అవును! వాననీరే! ఏదియు కలవనిది వాననీరొక్కటే గదా. మీ పంతులుగారే నాకు చెప్పినారు!" అని నా వైపు తిరిగి, "రేపు పాఠశాలకు రండు" అంది. అర్థం చెప్పిన నాకే ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

బంట్రోతు కుండీలు ఎత్తుకుని వీధి మలుపు తిరిగేదాకా అత్తయ్య గడపలోనే ఉంది. ఉద్యోగం వచ్చింది అత్తయ్యా అంటే ఆవిడ చెవికెక్కలేదు. "ఒరే అబ్బాయ్, దొరల బంగళాలు అద్దాల్లా ఉంటాయిట కదా. అక్కడ దానికి ఈగలెక్కణ్ణించి వస్తాయిరా? పస్తుంటుందేమో పాపం! వెళ్ళి కనుక్కుని రారాదూ?" వీధంతా వినబడేలా నవ్వాను. ఆవిడ నవ్వలేదు, రాత్రి అన్నమూ సరిగ్గా తినలేదు.

మర్నాడు ఉద్యోగంలో చేరి, కొత్త తలపాగాతో తిన్నగా బంగళాకి వెళ్ళి, చేతులు కట్టుకుని, "అమ్మగారూ, తమ ఇంట్లో ఈగలున్నాయాండీ?" అని అడిగాను. ఆ తలపాగా కుర్రాణ్ణి తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వొస్తుంది. అత్తయ్యే ఉంటే ఇద్దరం కలిసి నవ్వుకునేవాళ్ళం.