తీరిక మరిగిన చేతులు

2000 సంవత్సరం కోసం కంప్యూటర్లలో తేదీలు సరిచేసే వై2కె పనులు ముగిశాక సింగపూర్‌లోని మా కంపెనీలో నాకు పని లేకుండా పోయింది. రోజూ పొద్దున్నే వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చునేదాన్ని. పాత ప్రోగ్రామ్ ఒకటి తెరిచి, చదువుతున్నట్టు నటించేదాన్ని. నాతోపాటు హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయిని అప్పటికే గదిలోకి పిలిచి మాట్లాడారు. ఆమె బయటికొచ్చి, నా వైపు చూడకుండా బ్యాగు సర్దుకుని వెళ్లిపోయింది. ఉద్యోగం పోతే, ఇక్కడ పనిచేయడానికి ప్రభుత్వం ఇచ్చిన పాస్ పోతుంది. పాస్ పోతే సింగపూర్ విడిచి వెళ్లాల్సిందే.

ఒక మధ్యాహ్నం బాస్, మా సూపర్‌వైజరు నా సీటు పక్కన ఆగి చైనీస్‌లో మాట్లాడుకున్నారు. బాస్ నన్ను చూస్తూ “యో షో హావ్ షియెన్” అన్నాడు. సూపర్‌వైజరు తల అడ్డంగా ఊపి ఏదో చెప్పాడు. అది నాకు అందలేదు. బాస్ అన్న మాటను మాత్రం మరిచిపోకుండా, బస్సులో నేనుండే సెరంగూన్ చేరేదాకా లోలోపల వల్లించుకుంటూనే ఉన్నాను.

నేను అద్దెకున్న ఫ్లాట్ ఒక చైనీస్ ఆంటీది. వంటింట్లో రొయ్యలు ఒలుస్తోంది. ఆ మాట అప్పజెప్పి అర్థం అడిగాను. ఆమె చేతులు ఆగిపోయాయి.

“ఎవరన్నారు నిన్ను?”

ఆఫీసులో విన్నానన్నాను. ఆంటీ విడదీసి చెప్పింది. షో అంటే చెయ్యి, షియెన్ అంటే తీరిక. చేతులూపుకుంటూ తిరిగేవాళ్లను, తీరిక మరిగినవాళ్లను అలా అంటారట. పనికి పొమ్మంటే కాఫీషాపులో కూర్చునే తన తమ్ముణ్ణి వాళ్ల నాన్న ఎప్పుడూ ఆ మాటే అనేవాడట.

“మంచి మాట కాదు. పని లేక కూర్చున్నవాళ్లకి వేరే మాట ఉంది, వూ స్వో షి షి. చెయ్యడానికి ఏమీ లేదని. అందులో తిట్టు లేదు.”

నాకు అన్నం సయించలేదు.

మర్నాడు సూపర్‌వైజరు దగ్గరికి వెళ్లాను. నేను పని ఎగ్గొట్టే మనిషినని బాస్ అనుకుంటున్నారా అని అడిగాను. అతను చుట్టూ చూసి గొంతు తగ్గించాడు.

“బాస్ అలాగే అడిగాడు. ‘కాదు, మనమే పనివ్వలేదు, వూ స్వో షి షి’ అని నేనన్నాను. ‘ఏదైనా మనమిచ్చే జీతం ఒకటేగా’ అని ఆయనన్నాడు.”

టెస్టింగైనా సరే, ఎంత దూరమైనా సరే, ఏదో ఒక పని ఇప్పించమన్నాను. పాసిర్ రిస్ వైపు ఒక గోడౌన్‌లో సరుకుల సాఫ్ట్‌వేర్ పెడుతున్నారు. దూరమని ఎవరూ ఒప్పుకోవడం లేదు. నన్ను పంపారు.

అక్కడివాళ్లు “మకాన్” అంటూ భోజనానికి పిలిచినా లేచేదాన్ని కాదు. ఊరికే కూర్చుని కనిపిస్తే ఎవరు ఏమంటారోనని భయం. అట్టపెట్టెల మధ్య నిలబడే రెండు ముద్దలు తినేదాన్ని. నా ఉద్యోగం కాంట్రాక్టు పొడిగించారని తెలిశాకే వాళ్లతో కలిసి టేబుల్ దగ్గర కూర్చున్నాను.