ఇస్సాకు అనుమానాలు

ఇస్సాకుకు ఎవరి మాటా నమ్మబుద్ధి కాదు. నా మాట కూడా. ఫలక్‌నుమా స్టేషన్ వెనక మేం పనిచేసే బస్తీ దవాఖానలో నేను డాక్టరును, ఆయన కాంపౌండరు. కానీ మొదటి ఆర్నెల్లూ ఎవరు ఎవరిని పరీక్ష చేస్తున్నారో నాకే అర్థమయ్యేది కాదు. నేను చీటీ రాసిస్తే కిటికీ దగ్గరికి తీసుకెళ్లి వెలుగులో చదివి, "గిదే అంటరా మేడమ్?" అనేవాడు. ఒళ్లు మండేది నాకు.

అరవై నాలుగేళ్ల మనిషి. కంచన్‌బాగ్‌లో ఒక లోహాల కర్మాగారం డిస్పెన్సరీలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసి రిటైరయ్యాడు. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునేది ఈయనేనట, దేవుణ్ణి మాత్రం అనుమానించకుండా వదిలేసినట్టున్నాడు. అనుమానం ఆయనకు ఆ డిస్పెన్సరీలోనే అబ్బింది. "సెలవు కావాల్నన్నోడు లేని నొప్పి చెప్తడు, ఓవర్‌టైమ్ కావాల్నన్నోడు ఉన్న నొప్పి దాస్తడు. నోరు అబద్ధమాడుతది మేడమ్, ఒళ్లు ఆడది" అనేవాడు. లోహం పని చేసేవాళ్ల చిగుళ్లు, మణికట్లు చూడమని అక్కడి పెద్ద డాక్టరు నేర్పాడట. ముప్పై ఒక్క ఏళ్లు చూశాడు, ఒక్కరిలోనూ ఏమీ కనిపించలేదు. అయినా మానలేదు. మా దగ్గరికి దగ్గుతో వచ్చినవాడి పెదవి కూడా పైకెత్తి చూసేవాడు. "అంగట్లో ఎద్దును చూసినట్టు ఏంటది?" అని విసుక్కునేదాన్ని.

పోయిన కార్తీకంలో ఒక సోమవారం సాయిలు వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, ఇంట్లో ఆరు బర్రెలు, పాల వ్యాపారం. ఒక పక్క తల్లి సత్తెమ్మ, ఇంకో పక్క ఏడాది కింద పెళ్లాడిన పూజిత. మెలిపెట్టే కడుపునొప్పితో అతను రావడం అది మూడోసారి. అంతకుముందు రెండుసార్లూ గ్యాస్ అనుకుని మాత్రలిచ్చి పంపాను. ఈసారి అపెండిక్స్ ఏమో అనిపించి పెద్దాసుపత్రికి చీటీ రాయబోయాను.

"మందు అలవాటుందా?" అని అడిగాను.

"ఎన్నడు ముట్టలే మేడమ్" అన్నాడు సాయిలు.

"తాగుడు గాదు డాక్టరమ్మా, పెట్టిన్రు" అంది సత్తెమ్మ, కోడలి వైపు చూడకుండానే.

ఆ మాట మా బస్తీలో ఎవరికైనా తెలుసు. మనిషిని చెప్పుచేతల్లో పెట్టుకోవడానికి తిండిలో ఏదో కలపడాన్నే మందు పెట్టడం అంటారు. పూజిత తల వంచుకుంది. శుక్రవారం కులపెద్దల పంచాయితీ ఉందనీ, పిల్లను పుట్టింటికి పంపేయాలని పెద్దమనిషి శివయ్యతో మాటైపోయిందనీ సత్తెమ్మే చెప్పింది.

ఇస్సాకు నా చీటీ అందుకోలేదు. సాయిలునే చూస్తున్నాడు. "మేడమ్, నొప్పి లేసినప్పుడు గీయన ఏం జేస్తుండో జర చూడుండ్రి" అన్నాడు.

సాయిలు రెండు పిడికిళ్లూ పొట్టలోకి గుచ్చుకుని ముందుకు వంగి ఉన్నాడు. అపెండిక్స్ వాచినవాడు పొట్ట మీద చెయ్యి వెయ్యనివ్వడు. ఇతను తనే నొక్కుకుంటున్నాడు, నొక్కితే నయంగా ఉందంటున్నాడు. పడుకోబెట్టి చూస్తే పొట్ట మెత్తగా ఉంది, ఎక్కడా బిగుసుకోలేదు. జ్వరం లేదు. కళ్లు పచ్చబడలేదు, కానీ కింది రెప్ప తిప్పి చూస్తే రక్తమన్నదే లేనట్టు పాలిపోయి ఉంది. ఐదు రోజులుగా విరేచనం లేదు. నోట్లో ఎప్పుడూ ఇనుము నాకినట్టు ఉంటుందన్నాడు. ఇవన్నీ ముందే అడగాల్సింది నేను. సిగ్గేసింది.

"పాలు పిండంగ చెయ్యి ఎట్లుంటుంది తమ్మీ?" అని ఇస్సాకు అడిగాడు.

"కుడిచెయ్యి ఆగుతలేదన్నా. జారిపోతుంది."

చేతులు ముందుకు చాచి మణికట్లు పైకెత్తమన్నాను. ఎడమది లేచింది. కుడిది వేలాడింది. ఇస్సాకు అలవాటు కొద్దీ అతని పెదవి పైకెత్తాడు, మళ్లీ దించడం మర్చిపోయాడు. పళ్ల మొదళ్ల దగ్గర, చిగురు వెంట సన్నటి నీలి నలుపు గీత. ముప్పై ఒక్క ఏళ్లు కార్మికుల నోళ్లలో వెతికింది పాలు పోసేవాడి నోట్లో దొరికింది.

సీసం. ఒంట్లోకి సీసం చేరితే ఇవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. రక్తం ల్యాబుకు పంపి, సాయిలును పెద్దాసుపత్రిలో చేర్పించాను. గురువారం రిపోర్టు వచ్చింది. ఉండకూడనంత సీసం. కానీ ఎక్కడిది? అతను బ్యాటరీల పని చెయ్యడు, రంగుల పని చెయ్యడు. ముగ్గురికీ ఒకే పొయ్యి, ఒకే నీళ్లు, ఆడవాళ్లిద్దరూ బాగానే ఉన్నారు. అంటే అతనొక్కడికే ఎవరో ఏదో ఇస్తున్నారు. నిజం చెప్పొద్దూ, నా అనుమానం కూడా పూజిత మీదికే పోయింది. అన్నం వడ్డించేది ఆమే కదా.

రిపోర్టు కోసం వచ్చిన అత్తాకోడళ్లిద్దరూ బయట బెంచీ మీద ఎడంగా కూర్చుని ఉన్నారు. రిపోర్టు పట్టుకుని లేచాను. ఇస్సాకు తలుపు దగ్గరగా వేశాడు.

"విషమనే మాట బయట అన్నరనుకోండ్రి, రేపటి పంచాయితి ఈడనే అయిపోతది. గా పిల్లను ఇయ్యాలనే ఎల్లగొడ్తరు."

"మరి పెట్టింది ఆమే అయితే?"

"గావచ్చు. ఆమె మీద గూడ నాకు అనుమానమే. ముందుగాల తల్లిని పిలువుండ్రి."

సత్తెమ్మ వచ్చి కూర్చుంది. కొడుక్కి వేరే మందు ఏమైనా ఇస్తున్నావా అని అడిగాను. "మీ గోలీలే" అంది. ఆమె లెక్కలో అది అబద్ధం కూడా కాదు. ఇస్సాకు వేరే రకంగా అడిగాడు.

"అక్కా, కొడుక్కు మందు పెట్టిన్రని తెల్సినంక ఏ తల్లీ ఊకె కూసోదు. విరుగుడు యాడ తెచ్చినవ్?"

ఆమె ముఖం విప్పారింది, ఇన్నాళ్లకు తన బాధ తెలిసినవాడు దొరికాడని. బోనాలప్పుడు కొడుకు తన మాట కాదని పెళ్లాంతో సినిమాకు పోయాడట. ఆ వారమే, పెట్టిన మందు తీసే ఒకాయన దగ్గర ఎర్రపొడి తెచ్చిందట. రోజూ పొద్దున్నే పాలల్లో ఒక చెంచా, ఎవరికీ తెలియకుండా. కొంగుముడి విప్పి పొట్లం చూపించింది. సిందూరం రంగులో ఉంది.

"లోపలి మందు కదిలితే నొప్పి లేస్తదని ఆయన ముందే చెప్పిండు. గందుకే నొప్పి లేసినప్పుడల్లా రెండు చెంచాలు చేసిన. నిన్న దవాఖానకు గూడ ఫ్లాస్కుల పట్కపోయిన."

"ఈ పొడి పెట్టకముందు నొప్పి ఉండెనా అక్కా?"

సత్తెమ్మ చేతిలోని పొట్లం వైపు చూసింది. "లేకుండె" అంది. అప్పుడే ఆమెకు తెలిసిపోయింది. అయినా నేను చెప్పాను. ఆ పొడిలోనే సీసం ఉండి ఉంటుందని, ఆపేసి వైద్యం చేయిస్తే బతుకుతాడని, చెయ్యి ఎప్పటికి స్వాధీనంలోకి వస్తుందో చెప్పలేనని. ఆమె మీద కోపం వచ్చింది. దానికి రెండింతలు జాలి వేసింది. ఇస్సాకు అప్పటికే ఆసుపత్రికి ఫోన్ చేసి ఆ ఫ్లాస్కు తీయించేస్తున్నాడు.

"నా కొడుక్కు చెప్పకుండ్రి సారూ."

"చెప్పకుంటే గా పిల్ల బతుకు పోతది అక్కా."

ఆమె లేచి తలుపు వైపు నడిచింది. "చెప్పది మేడమ్, సూడుండ్రి" అని ఇస్సాకు నాతో మెల్లగా అన్నాడు.

ఆయన అనుమానం తప్పడం నేను చూసింది అప్పుడే. సత్తెమ్మ వెళ్లి పూజిత పక్కన కూర్చుంది. వరుసలో పదిమందికి పైగా ఉన్నారు. "మందు పెట్టింది నేనే బిడ్డా" అంది, అందరికీ వినపడేలా.

పూజిత ఏడవలేదు. అత్త ముఖం చూడలేదు. "ఆయన బతుకుతడా మేడమ్?" అని నన్నడిగింది. బతుకుతాడన్నాను.

"అయితే ఇప్పుడన్న మాట కాయితం మీద రాసియ్యుండ్రి. రేపు పంచాయితిల మాట మార్చరని ఏం నమ్మకం?"

ఇస్సాకు లోపలికెళ్లి తెల్లకాయితం, ఇంకుప్యాడ్ తెచ్చాడు. అత్త చెప్పింది చెప్పినట్టు రాసి చదివి వినిపించాను. సత్తెమ్మ ఎడమచేతి బొటనవేలు ముద్ర వేసింది. తర్వాత కుడిచెయ్యి కూడా చాపింది.

"గిది గూడ తీస్కో బిడ్డా. చెంచా తిప్పింది గీ చెయ్యే."

పూజిత రెండో ముద్ర కూడా వేయించుకుంది.