మొక్కు రోజు రాసిన నూనె

కొన్సొలాతా చిన్నప్పుడే బెర్గమోట్ కొట్టంలో పనికి చేరింది. మా తీరంలో ఆడవాళ్లకి చలికాలపు పని అదే. బెర్గమోట్ అంటే నిమ్మజాతి కాయ, పులుపుకి ఎవరూ తినరు, విలువంతా తొక్కలోనే. తొక్కని స్పాంజికేసి నొక్కి తిప్పితే నూనె ఇంకుతుంది. దాన్ని మట్టిమూకుట్లోకి పిండాలి. మధ్యాహ్నం బయటికెళ్లే ముందు మేస్త్రీ గుమ్మంలో నిలబడి అందరి చేతులూ సబ్బుతో కడిగించేవాడు.

"చేతికంటిన నూనె కూడా ఇంటికి పోనివ్వడు, పిసినారి సచ్చినోడు" అని కొన్సొలాతా నవ్వించేది.

ఏడాదికోసారి కూలితో పాటు ఇచ్చే సీసా నూనెని మాత్రం ఇంట్లో అన్నిటికీ వాడేది. నేల తుడిచే నీళ్లలో, ఉన్ని బట్టల పెట్టెలో, తెగిన వేలి మీద.

కొడుకు నూంత్సియోకి పసితనంలో విషజ్వరం వచ్చింది. బతికితే, పెద్దయ్యాక ముళ్లలో నడిపిస్తానని ఊరిని కాచే పునీతుడు సాన్ రోక్కోకి మొక్కుకుంది. మొక్కున్నవాడు నడుం పైన బట్ట లేకుండా, ముళ్లకొమ్మలతో అల్లిన గూడు నెత్తిమీంచి తొడుక్కుని, ఆగస్టు ఎండలో విగ్రహం వెనక ఊరంతా తిరగాలి. సాంతినాతో పెళ్లి కుదిరిన ఏడాది నూంత్సియో సరేనన్నాడు.

ఆ ఉదయం కొన్సొలాతా సీసా తీసింది.

"అటు తిరగరా. ఇది రాస్తే ముల్లు దిగినా చీము పట్టదు."

"మొక్కంటే బాధ పడడమే కదమ్మా. రాసుకోవచ్చా?"

"సాన్ రోక్కోకి నేను చెప్పుకుంటాలే. కదలకుండా నిలబడు."

మెడ నుంచి నడుం దాకా పచ్చినూనె పట్టించింది.

మర్నాడు, ముళ్లలో నడిచిన మిగతావాళ్ల వీపుల మీద గీతలే ఉన్నాయి. నూంత్సియో వీపు మరిగే నీళ్లు పోసినట్టు బొబ్బలెక్కింది. డాక్టరు చూసి ఏం రాశారని అడిగాడు.

"ఈ నూనె ఒంటిమీద ఉండగా ఎండ తగిలితే కాలుతుందమ్మా. కొట్టంలో ఎవరూ చెప్పలేదా?"

ఆమెకి కొట్టం గుమ్మంలో సబ్బు పట్టుకుని నిలబడే మేస్త్రీ కళ్లముందు మెదిలాడు.

బొబ్బలు మానాయి. నల్లమచ్చలు మిగిలాయి. సాన్ రోక్కో వాడి మొక్కు తోసేశాడని, ఏదో పాపం చేసి ఉంటాడని ఊళ్లో అనుకున్నారు. సాంతినా తల్లి వెనేరా పెళ్లి మాట ఎత్తడం మానేసింది.

"డాక్టరు చెప్పింది వాళ్లకి చెప్పమ్మా" అని నూంత్సియో ఎన్నోసార్లు అడిగాడు. చెబితే మొక్కులో మోసం ఒప్పుకున్నట్టే. ఆమె ద్రాక్షలు కోసే రోజుల దాకా సాగదీసి, చివరికి వెళ్లింది. వెనేరా మెట్ల మీద చిక్కుళ్లు ఒలుస్తోంది.

"వదినా, వాడి తప్పేం లేదు. వీపుకి బెర్గమోట్ నూనె నేనే రాశాను. ఎండకి కాలింది."

వెనేరా చేతులు ఆగాయి. "ముళ్ల నొప్పి తెలియకుండానా?"

"చీము పట్టకుండా."

"సాన్ రోక్కోతోనే దొంగాటా! వాడేం పాపం చేశాడా అని ఇన్నాళ్లూ ఆలోచిస్తున్నా. నువ్వే చెప్పి పుణ్యం కట్టుకున్నావు."

లోపలికి వెళ్లి, నూంత్సియో ఇచ్చిన ఉంగరం తెచ్చి మెట్టు మీద పెట్టింది. మళ్లీ చిక్కుళ్లు అందుకుంది.

నూంత్సియో ఇప్పుడు చేపలవల లాగేటప్పుడు కూడా చొక్కా విప్పడు. తల్లితో అవసరమైనంతే మాట్లాడతాడు.

ఇరుగుపొరుగు ఆడవాళ్లు నూనె అడిగితే కొన్సొలాతా ఇస్తుంది. "నేలకి వాడుకో, బట్టలపెట్టెలో పెట్టుకో. ఒంటికి మాత్రం వద్దు. చేతికి అంటితే కడుక్కున్నాకే ఎండలోకి రా."

"చుక్క నూనెకి ఇంత పిసినారితనమా పిన్నీ!" అని పడుచుపిల్లలు నవ్వుతారు.

ఆమె సబ్బుబిళ్ల అందిస్తుంది.