నేను మేకులు కొట్టిన తలుపు

దెయ్యాన్ని చూశానని ఎవరైనా చెబితే దాని పొడవు వెడల్పులు అడిగే రకం నేను. వడ్రంగిని. కొలత చెప్పలేని వస్తువును నమ్మడం నాకు చేతకాదు. ఇప్పుడు చెప్పబోయేది కూడా దెయ్యం సంగతి అనను.

బర్మా దేశం రంగంలో పటాలానికి వడ్రంగి పని చేసే రోజుల్లో ఒక తెల్ల కార్పొరల్ నా పనిముట్ల పెట్టెను బూటుకాలితో తన్నాడు. మా నాన్న ఇచ్చిన ఉలి విరిగింది. నా నోరూ ఊరుకోలేదు, చెయ్యీ ఊరుకోలేదు. ఆరు నెలలు పటాలం జైల్లో వేశారు.

అప్పటికి నా భార్య లచ్చమ్మకు మూడో నెల. చిమిండైంగ్ బజారు వెనక అద్దె గదిలో ఒక్కతే ఉండిపోయింది. పురుడు పోయడానికి వచ్చే అమ్మా అత్తా సముద్రం అవతల ఉన్నారు. ఆమెకు నొప్పులొచ్చే వేళకు నేను బయట ఉండాలి. నాకు కావలసింది అదొక్కటే.

ఆ జైల్లో అన్నీ ఒంటి రంగును బట్టే. తెల్ల సోల్జర్లకు ఒక ఆవరణ. మాకూ, బర్మా వాళ్ళకూ, కరెన్ అనే కొండజాతి వాళ్ళకూ కలిపి ఇంకొకటి. నడుమ ఇటుక గోడ, దానికొక టేకు తలుపు. తాగే నీళ్ళు కూడా వేరే. వాళ్ళవి ఇనప బకెట్లు, మావి మట్టి కుండలు. ఎక్కడా కలిసిపోకుండా మా కుండల మెడకు నల్లరంగు పట్టీ వేసేవాళ్ళు.

కెల్లీ అని ఒక తెల్ల ఖైదీ ఉండేవాడు, ఐర్లండ్ వాడట. ఆ తలుపు సందులోంచి పొగాకు అందించేవాడు. మా వైపు సా ఫో అనే కరెన్ సిపాయి దాన్ని చుట్టలు చుట్టి సగం తిరిగి ఇచ్చేవాడు, మిగతా సగం మేం పంచుకునేవాళ్ళం. ఒకరి భాష ఒకరికి రాదు. ఒకనాడు సార్జంటు పట్టుకున్నాడు. తలుపు బిగించెయ్యమని నాకే పురమాయించాడు.

బిగించాను. తలుపునూ ద్వారబంధాన్నీ కలిపి అడ్డంగా రెండు టేకు పట్టీలు, ఎనిమిది పొడుగు మేకులు. అవతలికి వచ్చిన మొనను వంచకపోతే మేకు ఎప్పటికైనా వదులవుతుందని మా నాన్న చెప్పేవాడు. దానికి ఇద్దరు కావాలి. ఇటు సా ఫో మేకు తలకు ఇనప దిమ్మె ఆనించి పట్టాడు. నన్ను కాపలాతో చుట్టూ తిప్పి అటు తీసుకెళ్తే నేను మొనలు వంచాను. తలుపు కదలకుండా కెల్లీని వీపు ఆనించి నిలబడమన్నారు.

అయ్యాక కెల్లీ వంగిన మొన మీద వేలు పెట్టి రాసి, పని బాగుందన్నట్టు తల ఊపాడు. నాకు సిగ్గేసింది. ఇష్టం లేని పని కూడా నా చేతికి అంత బాగా కుదిరింది. మర్నాడు పట్టీల మీద సున్నం కొట్టారు.

ఇంకా పదకొండు రోజుల్లో విడుదల అనగా ఆదివారం పొద్దున తెల్లవాళ్ళంతా, ఖైదీలూ కాపలావాళ్ళూ, చర్చికి వెళ్ళారు. ఏదో ఎదురు మాట్లాడాడని కెల్లీకి మాత్రం ఎండలో రాళ్ళు మోసే శిక్ష వేశారు. ఇటు మేం కొబ్బరి పీచు దంచుతున్నాం. రాయి ఎత్తడం, దించడం వినిపిస్తూనే ఉంది. ఉన్నట్టుండి దబ్బుమని పెద్ద చప్పుడైంది. తర్వాత ఏమీ లేదు. కాసేపటికి ‘వాటర్’ అని రెండుసార్లు వినిపించింది.

మా కాపలా హవల్దారుది విజయనగరం వైపే. వెళ్ళి చెప్పాను.

“అది మన గోడ కాదురా. పదకొండ్రోజులుంది నీకు. పెళ్ళాం కాడికి ఎల్లాలనుందా నేదా?” అని వరండాలోకి పోయాడు.

తప్పు చెప్పలేదు. అటు అడుగు పెడితే ఇంకో ఆరు నెలలు ఖాయం. లచ్చమ్మ ఒక్కతే కంటుంది. అదే తలుచుకుంటూ నిలబడ్డాను. లోపల భయంగానే ఉంది. సా ఫో పీచు కింద పడేసి లేచాడు. నేను నీళ్ళకుండ తీసుకున్నాను.

తలుపు తోశాను. తెరుచుకుంది. అప్పుడు నాకు వింత అనిపించలేదు. పట్టీలు కంటికి కనిపించినట్టు గానీ చేతికి తగిలినట్టు గానీ గుర్తు లేదు. బందులు కిర్రుమనడం మాత్రం బాగా గుర్తుంది.

కెల్లీ బోర్లా పడి ఉన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది. సా ఫో అతన్ని చంకల కింద పట్టి నీడలోకి లాగాడు. నేను తల తడిపి, కుండ నోటికి పెట్టాను. తాగి, నా మణికట్టు పట్టుకుని వదల్లేదు. గేటు దగ్గర బూట్లు వినిపించాయి. చెయ్యి విడిపించుకుని, తలుపు లాగి వచ్చేశాం. కుండ అక్కడే మరిచిపోయాను.

అటు నల్లపట్టీ కుండ చూసి సార్జంటు మమ్మల్నందరినీ వరసలో నిలబెట్టాడు. తలుపు దగ్గరికెళ్ళి పట్టీలు రెండు చేతులా గుంజాడు. కదల్లేదు. నేనూ అప్పుడే చూశాను. ఎనిమిది మేకులూ ఉన్నాయి. పట్టీకీ ద్వారబంధానికీ నడుమ సున్నం పూత వెంట్రుకవాసి కూడా చిట్లలేదు.

“నువ్వు కొట్టినవే కదరా? ఊడతాయేటి?” అని హవల్దారు చేత అడిగించాడు.

ఊడవన్నాను. అది నిజమే.

కెల్లీ ఎవరూ రాలేదన్నాడట. కుండ సంగతి అడిగితే తెలియదన్నాడట. అందుకు అతనికి ఏడు రోజులు చీకటి కొట్టు. మా జోలికి మాత్రం రాలేకపోయారు. అంత గట్టి తలుపు దాటి ఎవరొస్తారు? సా ఫో అయితే మేకులు ఎప్పుడు తీశావు, ఎప్పుడు మళ్ళీ కొట్టావు అని నన్నే ఇద్దరికీ వచ్చిన నాలుగు బర్మా మాటల్లో అడిగాడు. తీయలేదంటే ఈనాటికీ నమ్మడు.

చెప్పిన రోజుకే విడుదలయ్యాను. ఐదో నాడు నొప్పులొచ్చాయి. మంత్రసానిని నేనే పరిగెత్తుకెళ్ళి తెచ్చాను. ఆడపిల్ల. లచ్చమ్మకు అంతా చెబితే పిల్లకు పాలిస్తూ నవ్వింది.

“నువ్వు కొట్టిన మేకు ఊడ్డమేటి మావా? మంచం కోడుకి కొట్టింది ఇయ్యాలటికీ కదల్నేదు. మరి కుండేటి, నడిసెల్లిందా?”

రెండు వానాకాలాలు గడిచాక ఆ గోడ పడగొట్టారు. కలప విప్పే పనికి కంట్రాక్టరు నన్ను పిలిచాడు. ఆ తలుపు మీద ఇంకెవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. మొనలన్నీ నేను వంచినట్టే ఉన్నాయి. ఒకసారి లేపి మళ్ళీ వంచిన మేకు ఎలా ఉంటుందో నాకు తెలుసు. అలాంటిది ఒక్కటీ లేదు. మొనలు నరికి, మేకులు పీకి, పట్టీలు తీసేశాను. అయినా తలుపు రాలేదు. బందులు తుప్పు పట్టి ఉండొచ్చు. నేనూ ఇద్దరు కూలీలూ గునపం వేసి నెడితే గానీ కదల్లేదు.

ఆ ఆదివారం నేను దాన్ని ఎడమచేత్తో తోశాను. కుడిచేత్తో నిండు కుండ పట్టుకుని ఉన్నాను.